గువ్వలంక విదేశమైన విధంబెట్టిదనిన

ఆ ఉత్తర్వు మా కాలేజీకి సరిగ్గా పరీక్షల హడావిడిలో వచ్చింది. పంపినవారు రాష్ట్ర విదేశీ వేసవి విజ్ఞాన మండలి. అలాంటి మండలి ఒకటుందని అంతకు ముందు మాకెవరికీ తెలియదు. అది కూడా అప్పటిదాకా తానున్నట్టు ఎవరికీ చెప్పుకోలేదు. ఉత్తర్వులో ఇలా ఉంది:

"విద్యార్థులయందు విశ్వమానవ దృక్పథమును పెంపొందించు సదుద్దేశముతో, డిగ్రీ ఆఖరి సంవత్సరం వారందరూ రాబోవు వేసవిలో ఏదేని ఒక విదేశమునకు వెళ్ళి, సదరు దేశపు ప్రకృతిని, చరిత్రను, సంస్కృతిని క్షుణ్ణముగా అధ్యయనం చేయవలెను. అట్లు చేయనివారికి పట్టా ఇవ్వబడదు. ఇందు నిమిత్తం నిధులు ఏవియు లేవు."

ఆఖరి వాక్యం మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది.

మా కాలేజీ గోదావరి పాయ ఒడ్డున ఉన్న ప్రభుత్వ కాలేజీ. కొబ్బరి దింపు తీసేవాళ్ళ పిల్లలు, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలు చదువుకుంటారు. కాకినాడ చూసొచ్చినవాడంటేనే మా దగ్గర కాస్త గౌరవం. పాస్‌పోర్టు అంటే మా పిల్లలకు తెలిసింది ఒక్కటే, అది ఫోటో సైజు. ఇక నా సంగతంటారా, నేను అక్కడ చరిత్ర పాఠాలు చెబుతాను. రోమన్ సామ్రాజ్యం గురించి ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను గాని, రాజమండ్రి దాటి వెళ్ళిన సందర్భాలు తక్కువే.

ప్రిన్సిపాల్ డాక్టర్ దువ్వూరి సోమసుందరం గారు వెంటనే సిబ్బంది సమావేశం పెట్టారు. పైనుంచి ఉత్తర్వు రావడమంటే ఆయనకు పండగే. ఏ ఉత్తర్వు వచ్చినా ముందు కళ్ళకద్దుకుని, తర్వాత చదువుతారు.

"అమలు కాదు అనే మాట నా సర్వీసులో లేదు," అన్నారాయన. "అయిపోయింది అని రాసేద్దాం అనే మాట ఉంది. కానీ ఈసారి వాళ్ళు ఫోటోలు కూడా అడిగారు. కాబట్టి వెళ్ళవలసిందే. విదేశం ఎక్కడుందో సభ్యులు ఆలోచించి సెలవియ్యండి."

అందరూ టీ తాగుతూ ఆలోచించారు. చివరికి తెలుగు శాఖాధిపతి మాధవయ్య గారు గొంతు సవరించుకున్నారు. వ్యాకరణంలో ఆయన ఘటికుడు.

"దేశం అంటే చోటు అని నిఘంటువులో ఉందండి," అన్నారు. "మన పెద్దవాళ్ళు ఫలానావాడు దేశాలు పట్టిపోయాడు అంటే పక్క తాలూకాకి పోయాడనేగా. ప్రదేశం అన్నా దేశమే, విదేశం అన్నా దేశమే. తేడా అల్లా ఉపసర్గలో ఉంది. ‘ప్ర’ తీసేసి ‘వి’ పెట్టండి. ఏ ప్రదేశమైనా విదేశం అయిపోతుంది."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఉపసర్గ మార్చడానికి నిధులు అక్కర్లేదు కదా?"

"నిధులే కాదు, సంధి కూడా అక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఊరుకోవచ్చు కదా. నా నోటి దూల నన్ను ఊరుకోనివ్వదు. "అయితే ఇంకేం, కనీసం నీళ్ళైనా దాటించండి. విదేశం అన్నాక మధ్యలో నీళ్ళుండాలి కదా," అన్నాను వెటకారంగా.

ఆ గదిలో వెటకారం అర్థమైనవాడు ఒక్కడూ లేడు. అందరూ ఒక్కసారి కిటికీలోంచి బయటకు చూశారు. ఎదురుగా గోదావరి, దానికి అవతల గువ్వలంక. గోదావరి మధ్యలో మేట వేసి ఏర్పడ్డ దీవిని మా వైపు లంక అంటారు. గువ్వలంకలో అరటి తోటలు, కూరపాదులు, గేదెలు, వాటితోపాటు రెండు వందల గడప జనం. పొద్దున్నే వాళ్ళు పడవలో వచ్చి మా ఊరి మార్కెట్లో కూరలు అమ్ముకుపోతారు. మా స్టాఫ్ రూములో కూర్చుంటే వాళ్ళ దండేల మీద ఆరేసిన చీరల రంగులు చెప్పొచ్చు.

అలా గువ్వలంకను విదేశంగా గుర్తిస్తూ తీర్మానం ఏకగ్రీవంగా అయిపోయింది. నీళ్ళ సంగతి ఎత్తినందుకు నన్ను విదేశాంగ సమన్వయకర్తగా వేశారు.

ఒకసారి ఒప్పుకున్నాక ఏదీ సగంలో వదలడం ప్రిన్సిపాల్ గారికి చేతకాదు. గుర్తింపు కార్డుల మీద "ప్రయాణానుమతి" అని ముద్ర కొట్టించారు. విదేశం అన్నాక టైములో తేడా ఉండాలి కాబట్టి గువ్వలంకను మనకన్నా అరగంట వెనక పెట్టారు. దాంతో మొదటిరోజు పిల్లల్లో సగం మందికి పడవ తప్పిపోయింది. బోటనీ మేడమ్ గారు ప్రయాణ బడలిక గురించి ఉపన్యసించారు. ప్రయాణం పావుగంట. "అక్కడి నీళ్ళు మీ ఒంటికి పడకపోవచ్చు," అని ఆవిడ హెచ్చరించారు. ఆ నీళ్ళూ గోదావరివే, మన నీళ్ళూ గోదావరివే. ఆ మాట నేను అనలేదు. అంటే దాని మీద ఇంకో కమిటీ వేస్తారు.

రేవులో మా అటెండరు సింహాచలాన్ని తనిఖీ అధికారిగా నిలబెట్టారు. ఎన్‌సీసీ వాళ్ళ పాత టోపీ ఒకటి పెట్టారు నెత్తిన. టోపీ పెట్టుకోగానే మనిషి మారిపోయాడు. గంప నెత్తిన పెట్టుకుని పడవ దిగుతున్న ఒకామెను ఆపేశాడు.

"ఏం తెత్తన్నావు?"

"కళ్ళు కనపడతల్లేదేట్రా సింహాచలం? వంకాయలు."

"ఇయ్యి ఇదేశీ వంకాయలు. ఆపమని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు."

"నిన్న మీ ఆవిడ ఒండిన గుత్తొంకాయ ఏ దేశందనుకున్నావురా?"

సింహాచలం టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఇక విద్యార్థులు అవతల ఒడ్డున దిగి ఆ దేశాన్ని అధ్యయనం చేయడం మొదలుపెట్టారు. ప్రకృతి శాఖవారు గేదెల వెనకాల తిరిగారు. చరిత్ర శాఖవారు ముసలాళ్ళను కూర్చోబెట్టి మీ దేశం ఎప్పుడు పుట్టిందని అడిగారు. ఒక తాత, "ఏ దేశం బాబూ? ఇది మా నాయన చిన్నప్పుడొచ్చిన వరదకి ఏసిన ఇసకమేట," అన్నాడు. దాన్ని పిల్లలు "వరద యుగం" అని రాసుకున్నారు. సంస్కృతి శాఖవారు వంటిళ్ళ మీద పడ్డారు.

వాళ్ళు దూరిన మొదటి వంటిల్లు నూకరత్నం వాళ్ళది. ఆ అమ్మాయి గురించి ఇక్కడే చెప్పాలి. మల్లాడి నూకరత్నం నా బి.ఏ. క్లాసులో ముందు బెంచీ పిల్ల. రోజూ గువ్వలంక నుంచి పడవలో వచ్చి చదువుకుంది. ఆ లంకలో డిగ్రీ ఆఖరి ఏడాది దాకా వచ్చిన మొట్టమొదటి ఆడపిల్ల తనే. కూతురితోపాటు వచ్చిన స్నేహితురాళ్ళకు ఏళ్ళ తరబడి అన్నం పెట్టిన తల్లి దుర్గమ్మ, వాళ్ళే ఇప్పుడు పెన్నులు పట్టుకుని పొయ్యి చుట్టూ నిలబడితే కంగారు పడిపోయింది.

"ఏటమ్మా అలా చూత్తన్నారు? నేనేవన్నా తప్పు చేసేనా?"

"లేదత్తా, మీ సంస్కృతి చూస్తున్నాం," అంది ఒక పిల్ల.

"అది సూత్తే కడుపు నిండుద్దేటమ్మా. కూకోండి, ఎండు పులస చేప పులుసెట్టేను."

కూర్చుని తిన్నారు. తిన్నవాళ్ళలో ఒకమ్మాయి తర్వాత తన వ్యాసంలో, "ఈ దేశపు స్థానిక ప్రజలు అతిథులను ప్రేమించే స్వభావం కలవారు. వారి భాష మన భాషకు ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉన్నది," అని రాసింది. ప్రిన్సిపాల్ గారు ఆ వ్యాసానికి మొదటి బహుమతి ఇచ్చారు.

జూన్ వచ్చింది. అందరికీ పట్టాలు ఇచ్చారు, నూకరత్నానికి తప్ప. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవలేదు.

"సార్, మా లంక బళ్ళో పంతులమ్మ పోస్టు పడింది. ఊళ్ళో డిగ్రీ ఉన్నోళ్ళుంటే వాళ్ళకే ఇత్తామన్నారు. నెలాఖర్లోగా పట్టా చూపించాలంట. లేపోతే ఇటేపునించి ఎవరో ఒకరినేత్తారు. ఇదివరకు ఏసినాయన గాలేత్తే రాడు, వానడితే రాడు, ఎండ కాత్తే తలనొప్పని రాడు. పిల్లలకి అక్షరాలు రాలేదండి."

నేను ఆ అమ్మాయిని తీసుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ఆయన ఎంతో సానుభూతితో మాట్లాడారు. సానుభూతితో మాట్లాడుతున్నారంటేనే పని కాదని మాకు తెలుసు.

"అమ్మాయ్, నిబంధన స్పష్టంగా ఉంది. వేసవిలో విదేశానికి వెళ్ళాలి. నీ తోటివారందరూ గువ్వలంక వెళ్ళారు. నువ్వు మాత్రం గువ్వలంకలోనే ఉన్నావు. అంటే స్వదేశంలో ఉన్నావు."

"మరి నాకు ఇటేపు విదేశమే కదండీ. మూడేళ్ళుగా వత్తన్నాను కదా."

"చక్కగా అడిగావు. కానీ అధ్యయనం వేసవిలో జరగాలి. వేసవి సెలవుల్లో నువ్వు ఇక్కడ లేవు, మీ దేశంలో ఉన్నావు. కాలేజీ తెరిచి ఉన్నప్పుడు వచ్చినదాన్ని వేసవి అధ్యయనం కింద పరిగణించడానికి వీల్లేదు."

"అయితే ఏం చెయ్యమంటారండి?"

"వచ్చే వేసవి ఉంది కదమ్మా. వేసవి ఏటా వస్తుంది."

నాకు ఆయన బల్ల ఎత్తి అవతల పడేయాలనిపించింది. అది పాత టేకు బల్ల, నలుగురు పట్టాలి. అందుకని మాటతో సరిపెట్టుకున్నాను. "సార్, అది మన పిల్ల. ఎదురుగా కనిపిస్తున్న ఊరు. మన పిచ్చి తీర్మానానికి ఆ పిల్ల బతుకు పాడు చేస్తారా?"

"తీర్మానాన్ని పిచ్చిది అనకండి. ప్రతిపాదించింది తమరే."

అదే సమయంలో మండలి నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. మండలి అధ్యక్షులు స్వయంగా కాలేజీల తనిఖీకి వస్తున్నారు. విదేశీ విద్యార్థులు చదువుతున్న కాలేజీకి అత్యున్నత శ్రేణి ఇస్తారు. ప్రిన్సిపాల్ గారు దాన్ని కళ్ళకద్దుకుని చదివి, మళ్ళీ చదివి, నూకరత్నాన్ని పిలిపించారు. ఈసారి కూర్చోమన్నారు. కాఫీ తెప్పించారు.

"అమ్మా నూకరత్నం గారూ, మీరు మా కళాశాలలో చదువుతున్న ఏకైక విదేశీ విద్యార్థిని. ఈ సంగతి మేం ఇన్నాళ్ళూ గమనించకపోవడం ఎంతైనా విచారకరం. మీకు పట్టా ఇచ్చేస్తే మీరు పూర్వ విద్యార్థిని అయిపోతారు. పూర్వ విద్యార్థినులకు శ్రేణి లేదు. కనుక సంస్థ గౌరవం దృష్ట్యా మీరు ఇంకొన్నేళ్ళు చదువుతూ ఉండాలని మా కోరిక."

అంతకు ముందు పట్టా ఇవ్వనిది ఆ పిల్ల విదేశానికి వెళ్ళలేదని. ఇప్పుడు ఇవ్వనిది విదేశం నుంచి వచ్చిందని. బయటకు వచ్చాక నేను అన్నాను, "అమ్మాయ్, తనిఖీ రోజున నేను లేచి మొత్తం చెప్పేస్తాను. ఏమైతే అదవుతుంది."

"మీరు మాట్లాడకండి సార్," అంది నూకరత్నం. "మీరు మాట్లాడితే తీర్మానం అయిపోద్ది. నేను సూసుకుంటాను."

తనిఖీ రోజు రానే వచ్చింది. మండలి అధ్యక్షులు ఆచార్య విశ్వంభరం గారు పెద్ద కారులో దిగారు. ఆయన జీవితంలో ఎక్కువ భాగం విదేశాల్లో గడిపారు. స్వదేశాన్ని అధ్యయనం చేయడం ఇంకా మొదలుపెట్టినట్టు లేదు. కార్యక్రమం సాగుతుండగా ప్రిన్సిపాల్ గారు, "మా విదేశీ విద్యార్థిని, లంక నుంచి వచ్చింది," అని నూకరత్నాన్ని ముందుకు పిలిచారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఊళ్ళో గువ్వలంకను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, లంక అనే అంటారు.

కానీ విశ్వంభరం గారి ముఖం వెలిగిపోయింది. "ఓహో, లంక! శ్రీలంక!"

"శ్రీ ఏం లేదండి, ఒట్టి లంకే," అంది నూకరత్నం.

"ఎంత వినయం," అన్నారాయన మాతో. ఆ తర్వాత అమ్మాయి వైపు తిరిగి నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి అడిగారు. "మీ దేశంలో తేయాకు తోటలు బాగుంటాయట?"

"తేయాకు లేదండి. అరిటితోటలు. చక్రకేళి బాగా కాత్తదండి."

"ఏనుగులు?"

"గేదెలండి."

"ఆ మధ్య మీ దేశంలో గొడవలు జరిగాయి. ఇప్పుడు సద్దుమణిగాయా?"

"ఆయ్. ఇసక లారీల కాడ గొడవలండి. పెద్దోళ్ళు కూకోబెట్టి సెప్పేక సద్దుమణిగేయండి."

"చర్చల ద్వారా శాంతి," అన్నారు విశ్వంభరం గారు, తల పంకిస్తూ. "ఇక్కడికి వచ్చేందుకు సముద్ర ప్రయాణం కష్టమనిపించలేదా?"

"గాలి లేపోతే బానే ఉంటదండి. వరదలప్పుడే బయ్యం."

ఆయన మా అందరి వైపు తిరిగారు. "మిత్రులారా, ఒక విదేశీ యువతి మూడేళ్ళలో ఇంత స్వచ్ఛమైన తెలుగు నేర్చుకుంది. ఉచ్చారణలో చిన్న చిన్న విదేశీ ఛాయలు ఉన్నమాట నిజమే. అయినా ఇది ఈ కళాశాల సాధించిన అద్భుతం." మాధవయ్య గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆ తెలుగు నేర్పింది తానేనన్నట్టు.

నేను నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. అప్పుడు విశ్వంభరం గారు అడిగారు, "అమ్మా, మా దేశం నుంచి నీకేం కావాలి?"

ప్రిన్సిపాల్ గారు కాఫీ చాలని చెప్పమని సైగ చేస్తున్నారు.

"నా పట్టా కావాలండి," అంది నూకరత్నం. "పరీక్షలన్నీ పాసయ్యేను. మా దేశంలో బడుంది, పంతులమ్మ లేదు. నేనెళ్ళి సెప్పుకుంటాను. ఈళ్ళు పట్టా ఇవ్వం, ఇంకా సదవమంటన్నారు."

విశ్వంభరం గారు ప్రిన్సిపాల్ గారి వైపు చూసిన చూపుకు నేనైతే అక్కడికక్కడ రాజీనామా ఇచ్చేవాడిని. "ఏమిటిది? ఒక మిత్రదేశంలో ఉపాధ్యాయుల కొరత ఉంటే, ఉపాధ్యాయురాలిని మనం బంధించి ఉంచడమా? రేపు వాళ్ళ రాయబారి అడిగితే ఏం జవాబు చెబుతారు?"

"చిత్తం, చిత్తం. అభ్యంతరం ఏమీ లేదండి. కానీ ఈ అమ్మాయి వెళ్ళిపోతే మాకు విదేశీ విద్యార్థులు సున్నా అవుతారు. శ్రేణి..." ప్రిన్సిపాల్ గారి గొంతులో నిజంగానే దుఃఖం ఉంది.

"ఆ బాధ మీకెందుకండి," అంది నూకరత్నం. "మా దేశంలో ఇంటర్ పాసై ఇళ్ళల్లో కూకున్నోళ్ళు బోల్డుమందున్నారు. ఆడపిల్లలే ఎక్కువ. సదవాలని ఉంది ఆళ్ళకి. సాయంత్రం కాలేజీ వదిలేతలికి ఆకరి పడవెళ్ళిపోతది. నాకంటే మా నాన్న సొంత పడవేసుకొచ్చేవోడు. అందరికీ నాన్నలకి పడవలుండవు కదండీ. మోటారు పడవొకటి ఎయ్యండి, నా ఒక్కదాని బదులు పడవ నిండా విదేశీయుల్ని పంపిత్తాను."

అంతే. అంతర్జాతీయ విద్యార్థుల రవాణా సౌకర్యం అనే పద్దు మండలిలో ఉందట. దాన్ని ఎవరూ ఎప్పుడూ వాడలేదట. విశ్వంభరం గారు అక్కడే కూర్చుని మంజూరు చేసేశారు. పట్టా మీద ప్రిన్సిపాల్ గారి చేత తన కళ్ళ ముందే సంతకం పెట్టించారు. నూకరత్నం దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, తడవకుండా గుండెలకు ఆనించుకుని పడవెక్కింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం నా సొంత పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా కలగలేదు.

నెల తిరక్కుండా మోటారు పడవ వచ్చింది. పైన నీడకు రేకు, కూర్చోవడానికి బల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో లైఫ్ జాకెట్. జూలైలో కొత్త విద్యార్థులు దిగుతుంటే ప్రిన్సిపాల్ గారు రేవులో స్వయంగా పూలదండలు వేశారు. "మా దేశానికి స్వాగతం" అని బ్యానరు కట్టించారు. దండలు వేయించుకుంటున్న పిల్లలకు నవ్వాగలేదు. వాళ్ళలో కొందరు అంతకు ముందు రోజే అదే రేవులో కూరగంపలు దించారు.

మొదటివారంలో నేను ఆ పడవెక్కి గువ్వలంక వెళ్ళాను. బడి వరండాలో నూకరత్నం పిల్లలచేత ఒత్తులు పలికిస్తోంది. నన్ను చూసి బయటకొచ్చింది. సంతోషమే, కానీ నాకు మనసులో ఒక ముల్లు మిగిలిపోయింది. అదే చెప్పాను.

"అమ్మా, ఇది మాత్రం అన్యాయం. పుట్టిన గడ్డ మీద మిమ్మల్ని పరాయివాళ్ళని చేసింది మేమే. ఆ మాట మొదట అన్నది నేనే. జరిగిందంతా రాసి మండలికి ఉత్తరం పెడతాను. గువ్వలంక మన దేశమే అని ఒప్పుకునేదాకా ఊరుకోను."

నూకరత్నం గాభరాగా చేతులు అడ్డం పెట్టింది.

"ఆ పని మాత్రం సెయ్యకండి సార్, మీకు దణ్ణవెడతాను. మేం ఈ దేశపోళ్ళుగా ఉన్నప్పుడు మా తాతల కాడ్నించి పడవ కోసం అర్జీలెట్టేరు. ఒక్కడూ సూళ్ళేదు. పరాయోళ్ళమయ్యేక పడవొచ్చింది, దండలేసేరు, గారూ అంటన్నారు. ఇంక వంతెనొకటే మిగిలింది. అందాకా మమ్మల్నిలాగే ఉండనివ్వండి. వంతెనేసేక అప్పుడు మీ దేశంలో కలుపుకుందురు గాని."